యూఎస్‌బీని నెట్‌వర్క్‌లో పంచడం: తీగ సాగుతుంది కానీ వస్తువు రెండు కాదు

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. నారాయణగూడలో చిన్న ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ, కింద నాలుగు సిస్టమ్‌లు, రెండో అంతస్తులో మూడు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ఒకటే యూఎస్‌బీ డాంగిల్ (గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే లైసెన్సు తాళంచెవి), దాన్ని పట్టుకుని అందరూ మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నారు. అది కాక ఒక ఏ3 ప్రింటరు, ఒక స్కానరు, బ్యాకప్ హార్డ్ డిస్కు, టెండర్లకు డిజిటల్ సంతకం పెట్టే డీఎస్‌సీ టోకెన్. ఉప్పల్‌లో ఇంటి నుంచి పనిచేసే అబ్బాయికి కూడా ఇవన్నీ అందాలి. ఎవరో వచ్చి 'యూఎస్‌బీ సర్వర్' అనే పెట్టెకి ఇరవై ఎనిమిది వేలు కొటేషన్ ఇచ్చి వెళ్లారు, కొనాలా వద్దా.

సూటిగా చెప్తాను: కొనొద్దు, కనీసం ఇప్పుడే కొనొద్దు. మీ ఐదు వస్తువుల్లో నెట్‌వర్క్ మీద యూఎస్‌బీగా పంపాల్సింది డాంగిల్ ఒక్కటే. ప్రింటరుకి, స్కానరుకి, డిస్కుకి అంతకంటే తేలికైన దారులున్నాయి, వాటికి దాదాపు ఖర్చు లేదు. డీఎస్‌సీ టోకెన్‌ని మాత్రం టెక్నికల్‌గా కుదిరినా పంచొద్దంటాను, ఎందుకో కింద చెప్తా. డాంగిల్ కూడా అసలు పంచాల్సిన అవసరం లేకుండానే నెట్‌వర్క్‌లో పనిచేసే రకం కావచ్చు, ముందు అది చూసుకోండి, ఐదు నిమిషాల పని.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల అసెంబ్లింగ్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు పాతిక ముప్ఫై చిన్న ఆఫీసుల ఏఎంసీలు, అంటే ఏడాది మెయింటెనెన్సు కాంట్రాక్టులు, చూసుకుంటున్నాను. ఈ యూఎస్‌బీ గోల ఏడాదికి నాలుగైదు సార్లైనా వస్తుంది. ప్రతిసారీ జరిగే పొరపాటు ఒకటే. 'షేరింగ్' అనగానే అందరూ ఒకేసారి వాడుకోవచ్చు అనుకుంటారు. కాదండీ. యూఎస్‌బీని నెట్‌వర్క్ మీద పెట్టడమంటే దాని తీగని సాగదీయడం, అంతే. కింద సిస్టమ్‌కి గుచ్చిన డాంగిల్‌ని పై అంతస్తులో వాళ్లు తీసుకున్న క్షణం కింద సిస్టమ్‌లో అది మాయమవుతుంది. ఒకటే వస్తువు, ఒకటే చివర. బావి గట్టున ఒకే చేద ఉన్నట్టు, ఒకరు తోడి పక్కన పెడితేనే ఇంకొకరికి.

అసలు లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే ఏది కుదురుతుందో ఏది కుదరదో మీరే చెప్పగలరు. యూఎస్‌బీలో వస్తువు తనంతట తాను మాట్లాడదు. కంప్యూటరు అడిగితే జవాబిస్తుంది, మళ్లీ అడిగితే మళ్లీ ఇస్తుంది. ఈ అడగడం, చెప్పడం సెకనుకి వందలు వేలసార్లు జరుగుతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌కి 5 మీటర్లు హద్దు పెట్టడానికి కారణం కూడా ఇదే, జవాబు ఇంత సమయంలోపు తిరిగి రావాలి అని లెక్క. నెట్‌వర్క్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, ఆ అడిగే మాటని మూటగట్టి నెట్‌వర్క్ ప్యాకెట్లలో అవతలి సిస్టమ్‌కి పంపిస్తుంది, అక్కడ వస్తువుని అడిగి జవాబుని మళ్లీ మూటగట్టి వెనక్కి పంపుతుంది. మీ సిస్టమ్‌లో విండోస్‌కేమో మదర్‌బోర్డు మీద ఇంకో యూఎస్‌బీ కంట్రోలర్ ఉన్నట్టు నమ్మిస్తుంది. డ్రైవరుకి తేడా తెలియదు, పాపం పక్కనే గుచ్చారనుకుంటుంది.

ఇదేం కొత్త ముచ్చట కాదు. జపాన్‌లోని నారా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో పుట్టిన యూఎస్‌బీ ఐపీ అనే ప్రాజెక్టు గురించి 2005లోనే పేపరు వచ్చింది, 2008లో లైనక్స్ కెర్నల్‌లో (లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) ప్రయోగాత్మక భాగంగా చేరింది, 2014లో 3.17 వెర్షన్‌తో అసలు కెర్నల్‌లోకి వచ్చేసింది. అంటే మీ పాత సిస్టమ్ ఒకదానిలో లైనక్స్ వేసుకున్నా ఈ సౌకర్యం ఉచితంగానే ఉంది. ఇరవై ఎనిమిది వేల పెట్టెలో ఉన్న కిటుకు కూడా దాదాపు ఇలాంటిదే. ఆ పెట్టెలు చెడ్డవని కాదు, ముప్ఫై డాంగిల్స్ ఉన్న పెద్ద ఆఫీసులో సర్వర్ ర్యాక్‌లో పెట్టుకోడానికి అవి బాగుంటాయి. ఒక్క డాంగిల్‌కి మాత్రం చీమకి ఏనుగు అంబారీ కట్టినట్టు.

అన్నిటికంటే ముందు డాంగిల్ ఏ రకమో చూడండి. చాలా ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్‌లకి వచ్చేవి సెంటినెల్ అనే బ్రాండు డాంగిల్స్. మీది అదే అయితే, గుచ్చిన సిస్టమ్‌లో బ్రౌజరు తెరిచి లోకల్‌హోస్ట్ అని కొట్టి, కోలన్ పెట్టి, 1947 అని కొట్టండి. 1947 పోర్టు నంబరు (గుచ్చే పోర్టు కాదు, నెట్‌వర్క్‌లో ప్రోగ్రాం వాడే తలుపు నంబరు), మన స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే కాబట్టి ఒకసారి వింటే చాలు, మర్చిపోరు. లైసెన్సు పేజీ తెరుచుకుంటుంది, అందులో ఏ డాంగిల్ ఉందో, అది లోకల్ రకమా నెట్‌వర్క్ రకమా చూపిస్తుంది. ఈ బ్రాండు నెట్‌వర్క్ డాంగిల్స్ ఎర్ర రంగులో వస్తాయి. మీది ఎర్రది అయితే ఏ షేరింగ్ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఒక సిస్టమ్‌లో గుచ్చి ఉంచి, దాని ఫైర్‌వాల్‌లో ఆ 1947 పోర్టుకి అనుమతి ఇస్తే మిగతావాళ్లు నెట్‌వర్క్ మీద లైసెన్సు తీసుకుంటారు, అది కూడా ఎన్ని సీట్లు కొన్నారో అంతమంది ఒకేసారి. బేగంపేటలో ఒక ఆఫీసులో ఎర్ర డాంగిల్‌ని మూడేళ్లు జేబులో వేసుకుని మోశారు, ఎవరికీ తెలియదు. పేజీ తెరిచి చూపిస్తే ఆ పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత టీ తెప్పించారు.

ఒకవేళ అది ఒక్క సిస్టమ్ రకమే అయితే, లైసెన్సు కాగితం ఒకసారి చదవండి. వేర్వేరు సిస్టమ్‌లలో ఒకరి తర్వాత ఒకరు వాడటానికి కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని రిమోట్‌గా వాడటాన్ని స్పష్టంగా వద్దంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి ఇంకో సిస్టమ్‌లోకి వెళ్లి పనిచేసే విండోస్ సౌకర్యం) సెషన్ అని పసిగట్టి తెరుచుకోవు కూడా. ఇది మీకూ ఆ కంపెనీకీ మధ్య విషయం, అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

సరే, డాంగిల్ పంచాలనే తేలింది అనుకుందాం. నేను ఎలా పెడతానో చెప్తాను.

హిమాయత్‌నగర్‌లో నేను చూసుకునే ఒక స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసు ఉంది, మీలాంటిదే. వాళ్ల డాంగిల్ ముందు వైపు పోర్టుకి గుచ్చి ఉండేది, బొటనవేలంత పొడవు బయటికి పొడుచుకుని. ఒక సోమవారం ఉదయం తుడిచే ఆమె బకెట్‌ని టేబుల్ కిందికి తోసింది, బకెట్ అంచు డాంగిల్‌ని కొట్టింది. నేను వెళ్లేసరికి డాంగిల్ మెడ దగ్గర వంగి, ప్లాస్టిక్ పెంకు నోరు తెరిచి, లోపల ఆకుపచ్చ బోర్డు కనిపిస్తోంది. దీపం మాత్రం ఇంకా వెలుగుతోంది, నొక్కి పట్టుకుంటే వెలగడం, వదిలితే ఆరడం. కంపెనీ వాళ్లని అడిగితే పాతది పాడైన స్థితిలోనైనా వెనక్కి ఇస్తే మార్చి ఇస్తాం, అసలు పోతే మాత్రం కొత్త లైసెన్సు కొనుక్కోవాలి అన్నారు. అంటే కొన్ని లక్షల సరుకు ఆ వంగిన మెడ మీద వేలాడుతోందన్నమాట. మార్పించుకున్నాక వాళ్లు అడిగిన మొదటి మాట 'అన్నా, దీన్ని ఎవరి చెయ్యీ తగలని చోట పెట్టు' అని.

అప్పుడు పెట్టింది రాస్ప్‌బెర్రీ పై 4. అరచేతిలో పట్టే కంప్యూటరు, 2019లో వచ్చింది, ఇక్కడి నుంచి ఉత్త 'పై' అంటాను. పాత పై 3 చవగ్గా దొరుకుతుంది కదా అంటారు, కానీ దానిలో నెట్‌వర్కూ యూఎస్‌బీ పోర్టులూ లోపల ఒకే దారిలో వెళ్తాయి, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. డాంగిల్‌కి అయితే నడుస్తుంది, స్కానరు లాంటిది కూడా తగిలిస్తే పై 4 మేలు. దాన్ని రౌటరు పక్కనే గోడకి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించాను. ప్లాస్టిక్ అని ఒత్తి చెప్తున్నాను, ఎందుకంటే ఇంకో చోట ఒకాయన ముచ్చటపడి బిస్కట్ల రేకు డబ్బాలో పెట్టుకున్నాడు, బోర్డు అడుగు రేకుకి తగిలి ఆ రోజే పోయింది.

సాఫ్ట్‌వేర్‌కి రెండు దారులు. ఒకటి పైన చెప్పిన ఉచిత యూఎస్‌బీ ఐపీ. పై మీద మాడ్యూల్ ఎక్కించి, సర్వీసు నడిపించి, ఏ పోర్టులో డాంగిల్ ఉందో జాబితా తీసి, దాన్ని పంచడానికి కట్టాలి. విండోస్ వైపు క్లయింటు డ్రైవరు విడిగా వేసుకుని, పై అడ్రసు ఇచ్చి తగిలించుకోవాలి. నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టడం అలవాటున్నవాళ్లకి పర్వాలేదు. మీ ఆఫీసులో రోజూ వాడేది డ్రాఫ్ట్స్‌మెన్ కాబట్టి నేను రెండోది చెప్తాను, వర్చువల్‌హియర్ అని డబ్బులిచ్చి కొనే సాఫ్ట్‌వేరు. సర్వర్ పై మీద నడుస్తుంది, ఒక వస్తువు వరకు ట్రయల్‌లోనే వాడి చూసుకోవచ్చు, విండోస్‌లో చిన్న విండో, అందులో డాంగిల్ పేరు, కుడి బటన్ నొక్కి వాడు అంటే చాలు. ఎవరు పట్టుకున్నారో కూడా కనిపిస్తుంది. హిమాయత్‌నగర్‌లో ఇదే పెట్టాను. ముందు ట్రయల్‌లో పది రోజులు నడిపి, మీ సాఫ్ట్‌వేర్ గోల చేయకపోతేనే డబ్బు కట్టండి.

పెట్టాక వచ్చే తిప్పలు టెక్నికల్‌వి తక్కువ, మనుషులవి ఎక్కువ. హిమాయత్‌నగర్‌లో రెండో వారమే ఒకమ్మాయి డాంగిల్ తీసుకుని, ల్యాప్‌టాప్ మూత మూసి, సంచీలో పెట్టుకుని మెట్రో ఎక్కేసింది. సర్వర్ దృష్టిలో ఆమె ఇంకా వాడుతూనే ఉంది, కాసేపటి దాకా ఇంకెవరికీ దొరకలేదు. ఇప్పుడు వాళ్ల వాట్సాప్ గ్రూపులో రోజుకి పదిసార్లు 'డాంగిల్ వదిలారా' అని నడుస్తూనే ఉంటుంది. సెట్టింగుల్లో ఖాళీగా ఉంటే ఇన్ని నిమిషాలకు విడిపించు అని పెట్టుకోవచ్చు. కానీ డాంగిల్‌ని సాఫ్ట్‌వేర్ మధ్యమధ్యలో పలకరిస్తూ ఉంటుంది కాబట్టి అది ఖాళీగా ఉన్నట్టు లెక్కలోకి రాకపోవచ్చు. మనిషి చేత వదిలించే అలవాటే నయం.

ఇంకొకటి కరెంటు. మధ్యాహ్నం భోజనాల వేళ కరెంటు పోయింది, సిస్టమ్‌లన్నీ యూపీఎస్ మీద హాయిగా ఉన్నాయి, కానీ పై మాత్రం మామూలు ప్లగ్గులో ఉంది. అది ఆరి మళ్లీ లేచేసరికి నిమిషం పట్టింది. ఆ నిమిషంలో సాఫ్ట్‌వేర్ డాంగిల్‌ని వెతికి, కనపడక, హెచ్చరించి మూసుకుపోయింది. ఒకతను పొద్దుటి నుంచి చేసిన బీమ్‌ల పని సేవ్ చేయలేదు. తప్పు నాదే, రౌటరునీ పైనీ ఒకే చిన్న యూపీఎస్ మీద పెట్టాల్సింది. ఆ సాయంత్రమే పెట్టాను. మీరు మొదటి రోజే పెట్టండి, రౌటరు, స్విచ్చు, పై మూడూ. ఒకటి మర్చిపోయినా మిగతా రెండూ ఉండి లాభం లేదు.

వైఫై మీద పెట్టొద్దు. పై వరకు కేబులే లాగండి, వీలైతే డాంగిల్ వాడే సిస్టమ్‌లకి కూడా. కేట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా వెళ్తుంది, మీ రెండంతస్తులకి ముప్ఫై కూడా పట్టదు. వైఫైలో సగటు స్పీడు బాగానే కనిపిస్తుంది, కానీ మధ్యలో ఎవరో మైక్రోవేవ్ ఆన్ చేస్తారు, పక్క ఫ్లాట్ రౌటరు అదే చానెల్‌లోకి వస్తుంది, ఒక్క అర సెకను జవాబు ఆలస్యమైతే కొన్ని డాంగిల్స్ చాలు అనేస్తాయి. పింగ్ (అవతలి సిస్టమ్ జవాబుకి ఎంతసేపు పడుతుందో చూపే కమాండు) కొట్టి చూస్తే అర్థమవుతుంది. కేబుల్ మీద ఒక మిల్లీసెకను లోపే ఉంటుంది, కదలదు. వైఫైలో మూడు, ఐదు, నాలుగు, ఉన్నట్టుండి డెబ్బై.

ఇప్పుడు మిగతావి, గబగబా.

ప్రింటరు: ఏ3 ప్రింటరులో నెట్‌వర్క్ పోర్టు ఉందేమో వెనక చూడండి. చాలావాటికి ఉంటుంది, రబ్బరు మూత కింద దాక్కుని ఉంటుంది. ఉంటే కేబుల్ గుచ్చి, దానికి మారని అడ్రసు ఇచ్చి, అందరి సిస్టమ్‌లలో ఆ అడ్రసుతో చేర్చుకోండి, అయిపోయింది. లేకపోతే ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక సిస్టమ్‌కి గుచ్చి విండోస్‌లో షేర్ చేయండి, లేదా అదే పై మీద కప్స్ అనే ప్రింట్ సర్వర్ వేసుకోండి, మీ మోడల్‌కి లైనక్స్ డ్రైవరు ఉందో లేదో ముందు చూసుకుని. ఇక్కడ తేడా గమనించండి: ప్రింటరు షేరింగ్‌లో పంచేది ప్రింటరుని కాదు, ప్రింటు చేసే పనిని. అందుకే నలుగురు ఒకేసారి పంపినా వరసలో నిలబడి వస్తాయి. అదే ప్రింటరుని యూఎస్‌బీగా పంచితే ఒకరు పట్టుకుంటే ముగ్గురు చూస్తూ కూర్చోవాలి.

డిస్కుకీ ఇదే లెక్క, ఇంకా గట్టిగా. హార్డ్ డిస్కుని ఎప్పుడూ యూఎస్‌బీగా పంచొద్దు. చిక్కడపల్లిలో ఒక ఫోటోగ్రాఫర్ తన పెళ్లిళ్ల డిస్కుని ఇలాగే నెట్‌వర్క్ మీద పెట్టి, ల్యాప్‌టాప్‌లోకి వైఫై మీద తీసుకుని, నేరుగా దానిలోకే ఫోటోలు కాపీ చేస్తూ కూర్చున్నాడు. మధ్యలో వైఫై తెగింది. విండోస్‌కి అది డిస్కుని పీకేసినట్టే, రాసేది సగంలో ఆగింది. మళ్లీ గుచ్చితే 'ఫార్మాట్ చేయాలా' అని అడుగుతోంది. శ్రావణ మాసం ముహూర్తాలు, మూడు పెళ్లిళ్లు అందులో. ఆయన మొహం నాకింకా గుర్తుంది, ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు, స్క్రీన్ మీద పేరు చూసి మళ్లీ బోర్లా పెడుతున్నాడు. రికవరీలో చాలావరకు వచ్చాయి, కొన్ని రాలేదు. డిస్కు పంచాలంటే ఒక సిస్టమ్‌కి గుచ్చి ఫోల్డరు షేర్ చేయండి, లేదా పై మీద సాంబా అనే ఫోల్డరు షేరింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అప్పుడు డిస్కు మీద రాసేది ఒకే సిస్టమ్, మిగతావాళ్లు దాన్ని అడుగుతారు, తీగ తెగినా పోయేది ఆ ఒక్క ఫైలే.

స్కానరు కాస్త చిత్రమైనది. ఆఫీసు లోపల కేబుల్ మీద యూఎస్‌బీగా పంచినా నడుస్తుంది. ఉప్పల్ నుంచి మాత్రం విసుగు పుట్టిస్తుంది, ఎందుకో లెక్క వేసి చూపిస్తా. ఏ4 కాగితం 300 డీపీఐ రంగుల్లో అంటే 2480 చుక్కలు అడ్డం, 3508 నిలువు, చుక్కకి మూడు బైట్లు, మొత్తం దాదాపు 26 ఎంబీ. డ్రైవరు ఒక్కోసారి 16 కేబీ చొప్పున అడిగి, జవాబు వచ్చాకే మళ్లీ అడిగే రకం అనుకోండి, కాగితానికి దాదాపు పదహారు వందల సార్లు అడగాలి. ఆఫీసులో వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను, అంటే కాగితానికి రెండు సెకన్లలోపు. ఇంటి నుంచి 30 మిల్లీసెకన్లు అనుకుంటే, దాదాపు 50 సెకన్లు, అదీ మీ ఇంట్లో లైను ఎంత ఫాస్టుదైనా సరే. చాలామంది ఇక్కడే 'నాకు 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది కదా సార్' అంటారు. రోడ్డు ఎంత వెడల్పున్నా ఉప్పల్ దూరం తగ్గదు కదండీ. అయినా ఇంట్లో కూర్చున్న అబ్బాయి ఆఫీసు స్కానరులో కాగితం ఎవరి చేత పెట్టిస్తాడు? పెట్టిన మనిషే స్కాన్ చేసి ఫోల్డరులో పడేస్తే సరిపోతుంది.

వెబ్‌క్యామ్‌లు, యూఎస్‌బీ మైకులు మీ జాబితాలో లేవు, కానీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి: వద్దు. వాటి డేటా టైముకి రావాల్సిందే, ఆలస్యమైన ముక్క పనికిరాదు, బొమ్మ తునకలు తునకలుగా వస్తుంది.

ఇక డీఎస్‌సీ టోకెన్. దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడాలి.

ఇది మామూలు పెన్ డ్రైవ్ కాదు, మీ సారు సంతకం. లోపల ఉన్న ప్రైవేట్ కీ (సంతకం పెట్టే రహస్య సంకేతం) బయటికి రాకుండానే సంతకం పెట్టేలా చేసిన చిప్పు. ఐటీ చట్టం 2000లో 42వ సెక్షన్ ఆ కీ మీద అదుపు తన దగ్గరే ఉంచుకునే జాగ్రత్త సంతకందారుదే అంటుంది. టోకెన్‌ని రౌటరు పక్కనున్న రాస్ప్‌బెర్రీ పైకి గుచ్చి, పిన్ నంబరు ఆఫీసులో అందరికీ తెలిసి ఉంటే, రేపు టెండర్‌లో ఎవరు ఏ రేటుకి సంతకం పెట్టారో మీరెలా చెప్తారు? పిన్ వరసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది, అది వేరే తలనొప్పి, అదీ బిడ్ ఆఖరి రోజునే జరుగుతుంది. మీ ఆఫీసులో అందరూ మంచివాళ్లే, ఒప్పుకుంటాను. అయినా చెక్‌బుక్ మీద సంతకాలు పెట్టి టేబుల్ మీద వదిలి వెళ్లం కదా.

కానీ మీ అసలు ఇబ్బంది నాకు తెలుసు. సారు ఊళ్లో ఉండరు, టెండరు ఫైళ్లు ఆఫీసు సిస్టమ్‌లో ఉంటాయి, సంతకం ఎలా? ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. టోకెన్‌ని ఆఫీసు సిస్టమ్‌కి గుచ్చి, ఇంటి నుంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ సిస్టమ్‌లోకి వెళ్తే టోకెన్ కనిపించదు. పాడైపోలేదు, డ్రైవరు మళ్లీ వేయక్కర్లేదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉన్నంతసేపు విండోస్ స్మార్ట్‌కార్డుల కోసం (ఈ టోకెన్ దానికి స్మార్ట్‌కార్డే) మీరు కూర్చున్న సిస్టమ్ వైపే చూస్తుంది, ఆఫీసు సిస్టమ్‌కి గుచ్చినదాన్ని పట్టించుకోదు. సెప్టెంబరు 30 ఆడిట్ రిపోర్టుల గడువు రాత్రి ఒక ఆడిటర్ గారి ఆఫీసు కుర్రాడు పది గంటలకి ఫోన్ చేసి 'అన్నా, టోకెన్ చచ్చిపోయింది' అన్నాడు. డ్రైవరు మూడుసార్లు తీసి వేశాడట. రిమోట్ డెస్క్‌టాప్ మూసేసి, ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ చూపించే సాఫ్ట్‌వేర్‌తో వెళ్లమన్నాను. రెండు నిమిషాల్లో టోకెన్ 'లేచి కూర్చుంది'. అవి ఆ సిస్టమ్ ముందు మీరే కూర్చున్నట్టు చూపిస్తాయి కాబట్టి కనిపిస్తుంది.

దీన్నే తిరగేస్తే మీకు కావాల్సిన దారి దొరుకుతుంది. టోకెన్ సారు దగ్గరే, ఆయన ల్యాప్‌టాప్‌కే గుచ్చి ఉండనివ్వండి. ఆయన అక్కడి నుంచి ఆఫీసు సిస్టమ్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌లో రావాలి, వచ్చే ముందు కనెక్షన్ సెట్టింగుల్లో లోకల్ రిసోర్సెస్ కింద స్మార్ట్ కార్డులు అన్న టిక్కు ఉందో లేదో చూసుకోవాలి. టోకెన్ డ్రైవరు రెండు సిస్టమ్‌లలోనూ వేసి ఉంటే, హైదరాబాద్‌లోని సిస్టమ్‌లో ఆయన టోకెన్ కనిపిస్తుంది. సంతకం ఆయన చేత్తోనే, పిన్ ఆయనే కొడతారు. ఏ పెట్టే కొనక్కర్లేదు. ఒక్క మెలిక, ఆఫీసు సిస్టమ్‌లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్ రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటివాళ్లని లోపలికి రానివ్వదు. టెండరు సైట్లలో సంతకానికి వాడే చిన్న ప్రోగ్రాములు కొన్నిసార్లు మొరాయిస్తాయి, అందుకే ఆఖరి రోజు కాకుండా ఒక వారం ముందే పరీక్షించి చూసుకోండి.

ఆధార్ వేలిముద్రల మెషిన్లు కూడా ఇలా పంచమని ఒకరిద్దరు అడిగారు, నేను చేయను. మనిషి ఎదురుగా ఉండి వేలు పెట్టాలన్నదే దాని అర్థం.

ఇప్పుడు ఉప్పల్ అబ్బాయి. ఇంటి నుంచి డాంగిల్ వాడాలంటే చాలామంది చేసేది రౌటరులో పోర్టు ఫార్వర్డింగ్ పెట్టడం, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా లోపలికి తలుపు తెరవడం. దయచేసి పెట్టకండి. ఉచిత యూఎస్‌బీ ఐపీకి 3240 పోర్టు, అందులో పాస్‌వర్డూ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు. ఇంటర్నెట్‌కి తెరిచారంటే ప్రపంచంలో ఎవడైనా వచ్చి మీ డాంగిల్ పట్టుకోవచ్చు. ఆఫీసు లోపల కూడా గెస్ట్ వైఫైని విడిగా ఉంచండి, పై ఫైర్‌వాల్‌లో మీ ఏడు సిస్టమ్‌లకే అనుమతి ఇవ్వండి. బయటి నుంచి రావడానికి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి, కావాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ బాగుంటుంది, కానీ మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు, వీధి మొత్తానికి ఒకటే అడ్రసు వెనక ఉంటాం, బయటి నుంచి తలుపు కొట్టినా మీ ఇంటి దాకా వినపడదు. అడిగితే కొందరు స్టాటిక్ ఐపీ (మీకే సొంతమైన, మారని అడ్రసు) ఇస్తారు, నెలకి అదనం కట్టాలి. లేదంటే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పై మీద వేస్తే అది లోపలి నుంచే దారి చేసుకుంటుంది, చిన్న ఆఫీసులకి నేను ఎక్కువగా ఇదే వేస్తున్నాను.

అయినా నా మాట వింటే, ఆ అబ్బాయికి డాంగిల్‌ని ఇంటికి పంపకండి. ఆఫీసులో ఒక సిస్టమ్‌ని అతనికి వదిలి, వీపీఎన్ మీద రిమోట్‌గా ఆ సిస్టమ్‌లోకే రానివ్వండి, డాంగిల్ ఆఫీసు నెట్‌వర్క్ దాటదు. డ్రాయింగులు కూడా ఇంటి ల్యాప్‌టాప్‌కి వెళ్లవు. సాఫ్ట్‌వేర్ రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరుచుకోకపోతే, మళ్లీ స్క్రీన్ చూపించే రకంతో ప్రయత్నించండి, లైసెన్సు ఒప్పుకుంటేనే.

ఒక చిన్న హెచ్చరిక, ఎందుకంటే పై అంతస్తు అన్నారు కాబట్టి ఎవరైనా మీకు ఇది అంటగట్టవచ్చు. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్ని వందలకే యూఎస్‌బీ ఎక్స్‌టెండర్ జంట అని అమ్ముతారు, రెండు చిన్న ముక్కలు, మధ్యలో నెట్‌వర్క్ కేబులు. కేబుల్ చూసి నెట్‌వర్క్ అనుకోవద్దు. అది ఆ కేబుల్ లోపలి తీగల మీద యూఎస్‌బీనే పంపుతుంది, యూఎస్‌బీ కరెంటుతో సహా. ఒక చివర తీసుకెళ్లి స్విచ్‌లో గుచ్చారంటే పని చేయకపోగా ఏదో ఒకటి కాలిపోయే ప్రమాదం ఉంది. విడిగా ఒక కేబుల్ లాగి ఒకే సిస్టమ్ కోసం వాడుకుంటే కీబోర్డుకో డాంగిల్‌కో కొంతవరకు పనికొస్తుంది. మీకు మూడు సిస్టమ్‌లు కావాలి కాబట్టి వద్దు.

కాబట్టి ఈ వారం చేయాల్సింది 1947 పేజీ తెరవడం, ప్రింటరు వెనక మూత తీసి చూడడం. ఈ రెండింటికీ రూపాయి పట్టదు. ఆ పేజీలో ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, డాంగిల్ ఫోటో కూడా పెట్టండి, రంగూ ముద్రా చూసి ఏ రకమో చెప్తాను. ఫోటో తీసేటప్పుడు మాత్రం దాని మీద ఉన్న సీరియల్ నంబరుని బొటనవేలితో మూసి తీయండి.